జీతాల కిటికీలో అక్క

ముందుచూపు నాకు పుట్టుకతో వచ్చిన గుణం. నమ్మకపోతే పొద్దున ఆరింటికి బీచ్ రోడ్డుకి రండి. నేను గట్టు మీద కూర్చుంటే చాలు, చుట్టూ పదిమంది చేరతారు. "ఉద్యోగంలో చేరిన మొదటి నెల నుంచే దాచాలి. దాచినదాన్ని ముట్టుకోకూడదు. అప్పుడు మనం పడుకున్నా అది పెరుగుతూనే ఉంటుంది. నన్ను చూడండి, ఈ వయసులో ఒకరి ముందు చెయ్యి చాచానా?" అని ఛాతీ విరిచి చెబుతాను. పదిమంది అన్నాను గానీ, నలుగురు. వారిలో ఒకాయనకి చెవుడు.

పోయిన నెల సరిగ్గా ఈ ఉపన్యాసం మధ్యలో ఉండగా ఫోను మోగింది. మా ఫ్యాక్టరీ అక్క మేనకోడలు.

"మామా, అత్త పోయింది. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది, అంతే."

ఫోను జేబులో పెట్టుకుని చూస్తే నలుగురూ తర్వాతి వాక్యం కోసం ఎదురుచూస్తున్నారు. నాకు ఒక్క ముక్క రాలేదు. ఎలా వస్తుంది? ఆ వాక్యాలన్నీ ఆ పోయినావిడవి. పదమూడేళ్లుగా వాటిని నావని చెప్పుకుంటూ బతికేస్తున్నాను.

ఇక్కడి మేట్టుపాళయం ఇండస్ట్రియల్ ఎస్టేటులో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ మాది. యానాం నుంచి వచ్చి స్టోర్సులో గుమాస్తాగా చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు. ఆవిడకి ఇరవై ఎనిమిది. జీతాలు, సెలవులు, పీఎఫ్ కాగితాలు అన్నీ ఆవిడ చేతిలోనే. చెక్క గోడకి కోసిన చిన్న కిటికీ, దాని వెనక ఆవిడ. కార్మికులూ, ఆఫీసువాళ్లూ, చివరికి ఫ్యాక్టరీ యజమాని ముదలాళి కూడా ఆవిడని అక్కా అనేవారు. ఆవిడ గొంతు వింటే మెషీన్లు ఆగిపోయేవి. సరే, మెషీన్లు ఆగింది కరెంటు పోయి. ఎస్టేటులో అప్పట్లో రోజూ పోయేది. కానీ ఆ నిశ్శబ్దంలో మొదట వినబడేది మాత్రం ఆవిడ గొంతే.

మొదటిరోజు కిటికీ దగ్గర నిలబడి, "నమస్కారమండీ అక్కగారూ" అన్నాను.

"ఏంది? మళ్లా చెప్పు."

"అక్కగారూ..."

"ఇట్రాండమ్మా అందరూ! యానాం తంబీ వచ్చినాడు. నన్ను గారంట, గారు! మా ఇంట్లో ఇంతవరకూ నన్ను ఎవురూ గారు అన్లేదు."

తాతముత్తాతల నాడే ఈ తమిళ ఊళ్లో స్థిరపడిన తెలుగువాళ్లు ఆవిడ తరఫువాళ్లు. ఆవిడ తెలుగులో సగం తమిళం, నా తెలుగులో సగం మర్యాద. ఒక వారం పాటు ఒకళ్ల మాట ఒకళ్లకి అర్థం కాలేదని అందరికీ చెబుతుంటాను. నిజానికి మొదటి గంటలోనే అర్థమైపోయింది.

మా ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉండేది. కొత్తగా చేరినవాడు మొదటి జీతం రోజు అందరికీ మిఠాయి పంచాలి. మొదటి ముక్క జీతాల కిటికీకి. నేను హల్వా పొట్లం పట్టుకుని వెళితే ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. జీతం కవరు కూడా ఇవ్వలేదు. ఒక కాగితం ముందుకు తోసింది.

"ముందు సంతకం. తర్వాతే స్వీటు."

పీఎఫ్‌కి అందరికీ ఎలాగూ కొంత కోస్తారు. మనంతట మనం అడిగితే ఇంకొంత కోస్తారు. దానికి ఆవిడ పెట్టిన పేరు పై కోత. ఆ కాగితం దాని గురించే.

"అక్కా, నేనింకా మొదటి జీతం కళ్లతో చూడలేదు."

"అందుకే ఇప్పుడు పెట్టమంటా ఉండా. చూసినాక ఎవుడు పెడతాడు? చెయ్యి తగలని డబ్బుకి ఏడుపు ఉండదు తంబీ."

పెట్టాను. అప్పుడు కవరు ఇచ్చి, హల్వా నోట్లో వేసుకుని, కాగితాన్ని సొరుగులో పెట్టి మూసింది. మూసిన సొరుగుని రెండుసార్లు మెల్లగా తట్టింది, పసిబిడ్డని జోకొట్టినట్టు. ఎవరి కాగితం లోపలికి వెళ్లినా అదే తట్టడం. నలుగురిలో ఆవిడని అనుకరించి నవ్వించాలంటే మేం చేసేది అదే.

"ఎంత పెరిగింది అక్కా?" అని మధ్యలో ఎవరైనా అడిగితే ఆవిడకి ఒళ్లు మండేది. "మూత తియ్యబాక! లోపల ఉడుకుతా ఉండాది. పోయి పని చూసుకో." ఎలా పెరుగుతుందో మాత్రం అడగని వాళ్లకి కూడా చెప్పేది. "మొదటి పదేళ్లు నువ్వు దాన్ని మోస్తావు. తర్వాత పదేళ్లు అది నీ పక్కన నడుస్తాది. ఆపైన అదే నిన్ను ఎత్తుకోని పోతాది. నువ్వు మధ్యలో కింద పడేయకుండా ఉంటే చాలు."

ఇదంతా విని ఆవిడ పిసినారి అనుకునేరు. రోజూ మూర మల్లెపూలు లేకుండా ఫ్యాక్టరీకి వచ్చేది కాదు. కొత్త సినిమా మొదటివారంలోనే చూడాలి. ఆదివారం పొద్దున సోలై నగర్ వెళ్లి, పడవ దిగిన వంజరం చేపను బేరమాడకుండా కొనేది. "అక్కా, రేటు తగ్గించమని అడగవేం?" అంటే, "కోసేది కోసినాక మిగిలింది నాది. దాని మీద గూడా ఏడిస్తే ఇంక తినేది ఎప్పుడు?" అనేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకొక్కడికే ఉండేది. అదీ అబద్ధమే, అడిగింది క్యాంటీన్ ముసలమ్మ. "ఎవురన్నా బాగుంటే చూద్దాంలే అనుకున్నా, అంతలో ఇన్‌క్రిమెంట్ల నెల వచ్చింది" అని ఆవిడ జవాబు.

ఆవిడ వెంటపడి చెప్పే ఈ సంగతి నా మనసులో ఎక్కడ గుచ్చుకునేదో నాకు తెలుసు. మా నాన్న యానాంలో ఒక దుకాణంలో ముప్పై ఏళ్లు చేసి మానేశాడు. చేతిలో పైసా లేదు. సాయంత్రం మా అన్నయ్య ఇంటికి వచ్చే వేళకి గుమ్మంలో నిలబడి, అవతలికి చూస్తున్నట్టు నటిస్తూ, చుట్టలకి డబ్బులడిగేవాడు. అన్నయ్య కాదనేవాడు కాదు. కానీ అడగడానికి ముందు నాన్న ఓసారి గొంతు సవరించుకునేవాడు. ఆ చప్పుడు నాకు పడేది కాదు. మాకు పెద్ద పింఛను వచ్చే ఉద్యోగాలు కావు. ముసలితనంలో నేనూ అలా గొంతు సవరించుకోవాలా వద్దా అన్నది ఆ పై కోత మీదే ఉందని తెలుసు. తెలిసి కూడా ముప్పై ఒకటో ఏట దాన్ని పాడుచేసుకోవడానికి శాయశక్తులా ప్రయత్నించాను.

ఒక మిత్రుడు పాత మోపెడ్లు కొని, ఊరు చూడటానికి వచ్చే విదేశీయులకి అద్దెకి ఇద్దామన్నాడు. భాగానికి డబ్బు కావాలి. పీఎఫ్‌లోంచి ఊరికే తీయనివ్వరు. ఇల్లు, జబ్బు, పెళ్లి, ఇలా ఏదో ఒక కారణం ఉండాలి. చెల్లెలి పెళ్లి అని చెప్పి కిటికీ దగ్గర నిలబడ్డాను. నాకు చెల్లెలు లేదు.

"చెల్లెలికి పెండ్లా! చెప్పనే లేదే తంబీ! పేరేంది?"

పేరు ఆలోచించుకోలేదు. ఆవిడ వెనక కేలండర్లో లక్ష్మీదేవి కనబడింది. "లక్ష్మి."

"పెండ్లికొడుకు ఏం చేస్తాడు?"

"బ్యాంకులో మేనేజరు." గుమాస్తా అంటే సరిపోయేది. నా నోరు అలాంటిది.

"యాడ?"

"కాకినాడలో. సొంత కారు కూడా ఉంది."

"భలే, భలే. ఫారాలు అయిపోయినాయి, రేపు రా."

మర్నాడు వెళితే లక్ష్మి ఏం చదివిందని అడిగింది. బీఎస్సీ ఫస్టు క్లాసు అన్నాను. వీణ కూడా వాయిస్తుందన్నాను. "రేపు రా" అంది. డబ్బు తీస్తామని వచ్చినవాళ్లని మూడు రోజులు తిప్పడం ఆవిడ పద్ధతి. అందరినీ కాదు. కటింగ్ మెషీన్ ఆపరేటర్ భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అతను ఒకే పూటలో మూడుసార్లు కిటికీకి వచ్చాడు. ఆవిడ అప్పటికప్పుడు కాగితాలు రాసి, బస్సెక్కి, పీఎఫ్ ఆఫీసులో తనే నిలబడి పని పూర్తిచేయించింది. "ఒకతూరి అడిగితే ఆశ. మూడుతూర్లు అడిగితే అవసరం" అనేది.

మూడోరోజు నేను వెళ్లేసరికి బల్ల మీద ఒక పెద్ద పొట్లం ఉంది. విప్పి చూపించింది. ఆకుపచ్చ పట్టుచీర, ఎర్ర అంచు.

"మీ లక్ష్మికి. అందురం చందాలేసుకోని కొన్నాం. రెండు వ్యాన్లు గూడా మాట్లాడినాం, పెండ్లికి యానాం వస్తా ఉండాం. ముహూర్తం ఎప్పుడు?"

"అక్కా... ఆ పెళ్లి తప్పిపోయింది."

"అయ్యో! ఎందుకు?"

"ఆ మేనేజరు మంచివాడు కాడట."

"పాపం! మరి లక్ష్మి ఎట్లుండాది?"

"లక్ష్మి... లేదు."

"అయ్యో కడవులే! చచ్చిపోయిందా?"

"పుట్టలేదక్కా."

ఆవిడ నవ్వలేదు. తిట్టలేదు. పొట్లం మళ్లీ కట్టేసింది. "నువ్వు చేరిన రోజు రాసిన ఫారంలో అన్న ఒక్కడే అని ఉండాది. ఆ ఫారం ఎవురు దాచినారు అనుకున్నావు? చందాలు లేవు, వ్యాన్లు లేవు. ఈ చీర నాకోసం నేనే కొనుక్కున్నా. పో, పెండ్లి భోజనం లేదు గానీ క్యాంటీన్లో లెమన్ రైసు ఉండాది."

కొన్నేళ్లపాటు శుక్రవారం శుక్రవారం ఆ చీర కట్టుకొచ్చేది. అట్టలు కుట్టే ఆడవాళ్లు, "లక్ష్మి చీరా అక్కా?" అని నేను వినేలా అడిగేవారు. ఆ ప్రశ్నకి నేనూ అందరితో కలిసి నవ్వేవాణ్నని రాయాలని ఉంది. మొదటి ఏడాది స్టోర్సు తలుపేసుకుని కూర్చున్నాను.

ఆ ఉక్రోషంలో ఇంకో పని చేశాను. తీయనివ్వకపోతే పోనీ, ఇకమీదట కోయనివ్వను అనుకున్నాను. పై కోత ఆపేయమని చక్కటి తెలుగులో, గుండ్రటి అక్షరాలతో ఒక లేఖ రాశాను. ఆవిడ మొహం చూసే ధైర్యం లేక, భోజనానికి వెళ్లినప్పుడు ఆవిడ బల్ల మీద పేపర్ వెయిటు కింద పెట్టి వచ్చేశాను. ఆవిడ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. తర్వాతి నెల ఇన్‌క్రిమెంట్లు వచ్చాయి. జీతం కొంచెమే పెరిగింది. కోత ఆగిన డబ్బు కూడా కలుపుకుని ఇంతేనా అని లెక్కేసుకుని, ముదలాళిని మించిన లోభి ఈ భూమ్మీద లేడని తీర్మానించాను. ఇరవై ఏడేళ్లు ఆ పెద్దమనిషిని తిట్టాను. జీతం చీటీ తెరిచి చదివితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఆ చీటీల వెనక క్యారమ్స్ స్కోరు రాసుకునేవాణ్ని. ఏడాదికొకసారి వచ్చే పీఎఫ్ స్లిప్పునైతే చూడనే లేదు. ఆపేసినదాన్ని చూసుకుని ఏడవడం ఎందుకని.

మోపెడ్ల వ్యాపారం రెండేళ్లలో మునిగిపోయిందని బీచ్ రోడ్డులో చెబుతుంటాను. మునగలేదు. ఆ మిత్రుడికి ఇప్పుడు కాలాపేటలో రెండంతస్తుల ఇల్లు ఉంది. నేను భాగస్వామిగా ఉండి ఉంటే తప్పకుండా మునిగేదని మా ఆవిడ గట్టి నమ్మకం.

యాభై ఎనిమిదో ఏట రిటైరయ్యాను. ఆవిడ అప్పటికి నాలుగేళ్ల కిందటే రిటైరై, సోలై నగర్ వెళ్లే దారిలో ఒక చిన్న ఇంట్లో ఉంటోంది. పీఎఫ్ ఆఫీసులో నా లెక్క తేల్చి కాగితం చేతికిచ్చారు. అందులో అంత పెద్ద మొత్తం చూసి, ఇంకొకరిది పొరపాటున నాకిచ్చారని వెనక్కి ఇచ్చేశాను. కౌంటర్లో అమ్మాయి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ చదివి వినిపించింది. ఇంకోసారి చూడమన్నాను. చూసింది. "సార్, మీరు అడిగి కోయించుకున్న అదనపు డబ్బు ఒక్క నెల కూడా ఆగలేదు" అంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మా నాన్న గొంతు సవరించుకునే చప్పుడు చెవిలో వినిపించి, ఆగిపోయింది.

తిన్నగా ఆవిడ ఇంటికి వెళ్లి కాళ్ల మీద పడ్డానని రాద్దామనుకున్నాను. పడలేదు. దెబ్బలాడాను.

"ఇరవై ఏడేళ్లు అక్కా! నా జీతం నన్నడక్కుండా కోశావు, నువ్వు రిటైరయ్యాక కూడా కోయించావు. నేను ఆపమని లెటర్ రాసి మరీ ఇచ్చాను!"

ఆవిడ చేప ముక్కలకి మసాలా పట్టిస్తోంది. తలెత్తలేదు. "ఇచ్చినావు. తెలుగులో ఇచ్చినావు."

"అయితే?"

"నాకు తెలుగు చదవరాదు కదప్పా. నేను బళ్లో తమిళం చదువుకున్నా, ఇంగ్లీషు చదువుకున్నా. మా ఇంట్లో ఎవురికీ తెలుగు అక్షరం తెలీదు. అదేందో గుండ్రంగా, ముద్దుగా ఉండింది. లక్ష్మికి ఇంకో సంబంధం కుదిరిందేమో, శుభలేఖ అనుకున్నా."

మా యానాంలో సర్కారు కాగితాలు కూడా తెలుగులో నడుస్తాయి. తెలుగు మాట్లాడే మనిషికి తెలుగు చదవడం రాదన్న సంగతి, ఏడేళ్లు పక్కనే పనిచేసి కూడా నాకు తట్టలేదు. ఆవిడ బల్ల మీద రోజూ తమిళ పత్రిక చూస్తూనే ఉన్నాను.

"ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు కదా?"

"ఫ్యాక్టరీలో తెలుగు చదివేవాడు నువ్వు ఒక్కడివే. నువ్వేమో స్టోర్సు తలుపేసుకోని కూర్చుంటివి."

"ఎన్ని చొక్కాలు కుట్టించుకునేవాణ్ని అక్కా ఆ డబ్బుతో!"

అప్పుడు తలెత్తింది. "ఇప్పుడు కుట్టించుకో. పొట్ట గూడా వచ్చింది, గుడ్డ బాగా నిలుస్తాది." చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. గొంతు మారింది. "తప్పే తంబీ. కాగితం ఏందో నాకు తెలీక కాదు. కానీ నువ్వు రెండోతూరి వచ్చి అడిగింటే ఆ పొద్దే ఆపేదాన్ని. ఒట్టు. ప్రతి నెలా ఈసారి అడుగుతాడు, ఈసారి అడుగుతాడు అని చూస్తా ఉంటిని. నువ్వు రాలేదు. వచ్చి నన్ను పోలీసులకి పట్టిస్తావేమో అని గూడా కొన్నాళ్లు భయపడినా."

"మరి ఎందుకు చేశావు?"

"నువ్వు చేరిన ఏడాది, మీ నాయన చుట్టల కత చెప్పినావు కదా, క్యాంటీన్లో. నవ్వుతా చెప్పినావు. నీకు నవ్వు రాలేదు."

ఆవిడ వేయించిన చేపలు ఆరు తిన్నాను. ఈసారి పెంచి చెప్పడం లేదు. తిని, ఇంటికి వచ్చి, మర్నాటి నుంచి బీచ్ రోడ్డులో మొదలుపెట్టాను, ముందుచూపు నాకు పుట్టుకతో వచ్చిన గుణమని. ఆవిడకి ఈ సంగతి చేరింది. "చెప్పుకోనీ. వినేవాళ్లలో ఒక్కడు దాచినా లాభమే కదా" అందట.

పదహారో రోజు కర్మకి ఆవిడ ఇంటికి వెళ్లాను. భోజనాలు పెరటి షామియానాలో. ఆ ఖర్చుకి కూడా ఆవిడ ముందే వేరుగా పెట్టి, ఎవరి దగ్గరా చందా తీసుకోవద్దని చెప్పిపోయిందట. వడ్డిస్తున్నది నాకు ఫోన్ చేసిన మేనకోడలే. పాత ఫ్యాక్టరీవాళ్లం ఎనిమిది మందిమి ఒకే వరసలో కూర్చున్నాం. అందరి తలలూ నెరిశాయి, అందరివీ ఇస్త్రీ చొక్కాలు. మాటలన్నీ తమిళంలోనే. నా గురించి నాలుగు ముక్కలు చెప్పుకునే అవకాశం ఇదే అనుకుని గొంతు పెంచాను. "ఆవిడకి పొదుపు విషయంలో ఒక్కోసారి నేనే సలహా ఇచ్చేవాణ్ని..."

పక్కన కూర్చున్న, మాహే నుంచి వచ్చినాయన, అట్టలకి రంగు వేసే సెక్షన్లో చేసేవాడు, నా మాట విననే లేదు. పాయసం చూస్తూ తనలో తను అన్నట్టు, "నేను ఆపమని ఉత్తరం రాసిచ్చాను. మలయాళంలో. చదవడం రాదంది" అన్నాడు.

అవతలి నుంచి టైపిస్టు వంగి చూశాడు. "నేను ఇంగ్లీషులో టైపు చేసి ఇచ్చాను. రిబ్బను పాతది, అక్షరాలు కనబడలేదంది."

"నాది తమిళం" అన్నాడు వాచ్‌మన్. "పిల్లి ఎత్తుకుపోయిందంది."

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్లూ ప్రతివాడూ ఆ తెలివితక్కువ ఉత్తరం రాసింది తనొక్కడే అనుకున్నాడు. ఆవిడ గట్టెక్కించింది తనొక్కడినే అనుకున్నాడు. కడుపులో దాచుకుని పైకి ముందుచూపు ఉన్న పెద్దమనిషిలా తిరిగాడు. వాచ్‌మన్ ముందు నవ్వాడు. ఆపైన ఎవరికీ ఆగలేదు. చివర కూర్చున్న కటింగ్ మెషీన్ ఆపరేటర్ మాత్రం నవ్వలేదు. "నేను ఆపమని రాయనే లేదు. నా భార్య బతికి ఇంటికొచ్చింది. ఆ పై కోత ఇంకాస్త పెంచమని అడిగాను" అని, కళ్లు తుడుచుకుని, తర్వాత అతనూ నవ్వాడు.

చావు భోజనంలో ఎనిమిది మంది ముసలివాళ్లు పగలబడి నవ్వుతుంటే మేనకోడలు గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

"ఏంది మామా? ఏమైంది? ఏంది అట్ల నవ్వుతా ఉండారు?"

నా జీవితంలో మొదటిసారి, పెంచాల్సిన పని లేని కథ నా దగ్గర ఉంది. వినడానికి మనిషి కూడా ఎదురుగా నిలబడి ఉంది.

"ఏం లేదమ్మా. వడ బ్రహ్మాండంగా ఉంది. ఇంకోటి వెయ్యి" అన్నాను.

బ్రహ్మాండంగా ఏమీ లేదు. ఉప్పు ఎక్కువైంది. అయినా రెండు తిన్నాను.